వెండి పన్ను

"నోరు తెరువు," అంది బక్కమ్మ.

పుష్ప ఒళ్ళో పాపకు పాలిస్తూనే నోరు తెరిచింది. ఎందుకని బక్కమ్మను ఎదురు ప్రశ్న వేసే అలవాటు ఆ ఇంట్లో కొడుక్కే లేదు, కోడలికి ఎక్కడినుంచి వస్తుంది? బక్కమ్మ ఎడమచేత్తో ఆమె గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది పెదవిని లాగి, ముఖాన్ని గడప వైపు వెలుతురుకు తిప్పింది. సంతలో గొర్రెను కొనేటప్పుడు ఆమె చేసే పని అచ్చం ఇదే. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, ఆరు పండ్లదా అని ఒక్క చూపులో వయసు చెప్పేస్తుంది. మీసాలున్న మొగవాళ్ళు కూడా బక్కమ్మను ఒక మాట అడిగిగాని బేరం తెంపుకోరు.

"ముందటి పండ్లన్నీ గార పట్టినయి. సరే, గది మన నీళ్ళ పుణ్యం, అందరికున్నదే. మరి గా ఎనక దవడల మెరిసేదేంది?"

పక్కనే పుష్ప భర్త నాగేందర్ ఫోను లైటు వేసి పట్టుకుని ఉన్నాడు. నల్లగొండకు ఆటో తోలే మనిషి. పొద్దున స్టాండులో ఎవరో పంపిన వీడియో చూసి, సవారీలు వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "గదేనమ్మా. గదే పాదరసం," అన్నాడు.

వీడియోలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఉన్నాడు. పుచ్చిన పండ్లలో నింపే, వెండిలా కనపడే సిమెంటులో సగం పాదరసమేనట. అది పంటిలోంచి నెత్తురులోకి, నెత్తుర్లోంచి పాలల్లోకి, పాలల్లోంచి పసిపిల్లల మెదడులోకి పోతుందట. మధ్యలో ఒక బొమ్మ పాప తల ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. బక్కమ్మ అది రెండుసార్లు చూసింది. చదువు రాకపోయినా ఆ ఎర్రటి తల ఆమెకు బాగానే అర్థమైంది.

"ఇంటర్ల ఉన్నప్పుడు నింపిన్రత్తా. పురుగు పడితె," అంది పుష్ప. "ఇన్నేండ్లాయె, నాకేం కాలే గదా."

"పత్తిచేన్ల పడి మందు కొట్టిన ఆకు మేసొచ్చిన మేక్కు గుడ ఒక్కోసారి ఏం కాదు. దాని పాలు తాగిన పిల్ల సస్తది. గప్పుడేం జేస్తం? పిండి పారబోస్తం. కడుపుల ఇసం పొయ్యేదాంక పిండుతనే ఉంటం. గిదీ గంతే."

అని, చిటికెన వేలు పాప పెదవి మూలలో పెట్టి, మేకపిల్లను విడదీసినంత నేర్పుగా విడదీసింది. మూడో నెల పాప. పేరు స్నిగ్ధ. నోరు ఖాళీ అయినట్టు ఇంకా తెలియక, గాలిలోనే చప్పరిస్తూ ఉంది. చన్ను చివర ఒక పాలచుక్క నిలిచి, జారి, పుష్ప చీర కుచ్చిళ్ళలో పడింది. బక్కమ్మ ఆ తడిని కొంగుతో గట్టిగా తుడిచింది, అది పాప చేతికి ఎక్కడ అంటుతుందోనని.

మామ గుర్వయ్య మందను తోలుకుని కృష్ణా నది దిక్కు పోయాడు. వానలు పడేదాకా రాడు. ఇంట్లో మిగిలిన పాడిమేకల్లో నల్లమేక పాలు చిక్కన. బక్కమ్మ దాని వెనకకాళ్ళు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పిండింది. బట్టతో వడగట్టి, కాచి, సగం నీళ్ళు కలిపి, పటికబెల్లం వేసింది. నాగేందర్ మెడికల్ షాపు నుంచి సీసా తెచ్చాడు. ఇంటిల్లిపాదీ పాప కోసమే పరుగెత్తుతున్నారు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో ఆ పూట ప్రేమకు కరువేమీ లేదు.

పాప మొదట రబ్బరు పీకను నాలుకతో తోసేసింది. ఏడ్చింది. తలుపుకు ఇవతల పుష్ప చెవులు మూసుకుంది. చెవులు మూసుకుంటే ఏం లాభం, ఏడుపు వినపడినప్పుడల్లా జాకెట్టు తడిసిపోతోంది. పొద్దు గుంకేసరికి ఆకలే గెలిచింది. "తాగుతాంది, తాగుతాంది!" అని బక్కమ్మ లోపలినుంచి సంబరంగా అరిచింది. పుష్ప కూడా సంతోషపడాలనుకుంది. రాలేదు.

మర్నాటికి రొమ్ములు రాళ్ళయ్యాయి. జ్వరం వచ్చింది. చెయ్యి ఎత్తలేకపోతోంది. బక్కమ్మ వేడినీళ్ళలో బట్ట ముంచి కాపడం పెట్టింది, ఆముదం రాసింది, స్టీలు గిన్నె కింద పెట్టి మెల్లగా పిండింది. ఆ చేతిలో ఏముందో గాని నొప్పి నిజంగానే దిగింది. కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా చేయదేమో అనిపించింది పుష్పకు. గిన్నె నిండింది. బక్కమ్మ దాన్ని పెరట్లో కంప దగ్గరికి తీసుకెళ్ళి పారబోసి, కుక్క నాకకుండా పైన మన్ను పోసి, కాలితో తొక్కింది. పుష్ప తలుపు చెక్క పట్టుకుని చూసింది. తన పాలను కుక్క కూడా తాగగూడదు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్వకు పోరి. పిల్ల కోసమే గదా. రేపో ఎల్లుండో పన్ను తీయిస్తం. గప్పటిదాంక గీ నొప్పి ఎట్ల పడ్తవ్?"

బజారుకు పోయి మల్లెమొగ్గలు తెచ్చింది బక్కమ్మ. దారానికి గుచ్చనివి, విడిగా దోసెడు. వాటిని పుష్ప రొమ్ముల మీద పరిచి, గుర్వయ్య పాత ధోవతి చింపి, వీపు మీదుగా బిగించి కట్టింది. మల్లెలు కడితే పాలు ఇగిరిపోతాయి.

"మొత్తమే ఇగిరిపోతె ఎట్లత్తా?"

"పిచ్చిదానా, పిల్లను ఎయ్యంగనే మళ్ళ చేపుతయి. నా మేకలెన్ని చేపలే?"

అప్పుడే పక్కింటి కృష్ణమ్మ చల్లకోసం చెంబు పట్టుకుని వచ్చింది. ఇంట్లో మల్లెల వాసన, పుష్ప ఛాతీకి ధోవతి కట్టు. ఆమె చూపు తొట్టెల మీదికి పోయింది. తొట్టెల కదలడం లేదు. చెంబు కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో బిడ్డా... ఎప్పుడు? మాకు చెప్పనన్న చెప్పలేదు."

బిడ్డ పోయిన తల్లికి కట్టే పూలవి.

"నీ నోరు మంచిగుండదా కృష్ణమ్మా? పిల్ల నిద్రపోయింది. బంగారం లెక్కుంది!" బక్కమ్మ ఆమె మీద ఇంతెత్తున లేచింది. చల్ల పోయకుండానే పంపేసింది. కానీ ఆ మాట పుష్పలో ఉండిపోయింది. తొట్టెల దగ్గరికి పోయి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంది. కాసేపాగి మళ్ళీ చూసుకుంది.

నల్లగొండలో పండ్ల దవాఖాన అద్దాల తలుపులతో, చల్లగా ఉంది. కుర్రడాక్టరు. నాగేందర్ ఫోను చూపిస్తే పూర్తిగా చూడకుండానే తలూపాడు.

"ఇంకా దీన్ని ఉంచుకున్నవా అమ్మా? తీసేసి తెల్లది పెట్టుకుందాం. సిమెంటు పెట్టినట్టే తెల్వది."

"సారూ, తీస్తె పాపకు పాలు ఇయ్యొచ్చా?"

"తీసేస్తె ఇగ భయమేం ఉంటది?" అన్నాడతను. అబద్ధం కాదు, నిజమూ కాదు. అడిగిన దానికి అటూ ఇటూ తగలకుండా పోయే మాట అది.

దవడకు సూది ఇచ్చాక సగం ముఖం తనది కాకుండా పోయింది. మర పంటిలో గుయ్యిమంది. కాలిన వాసన. ఇన్నేళ్ళు నిమ్మళంగా ఉన్న వెండి ముక్కలు ముక్కలై బూడిదరంగు బురదగా నాలుక మీదికి జారింది. నీళ్ళ తుంపర గొంతులోకి పోయింది. ఉమ్మేలోగా కొంత మింగేసింది. పుష్ప కుర్చీ చేతులు పట్టుకుని ఒకటే అనుకుంటోంది, ఇంటికి పోంగనే పిల్లను తీసుకుంట, ఇంటికి పోంగనే. నీలం వెలుగుతో తెల్లది గట్టిపరిచి, డాక్టరు అద్దం చూపించాడు. గార పట్టిన పండ్ల మధ్య అదొక్కటే తెల్లగా, ఆ నోటికి సంబంధం లేనట్టు ఉంది.

ఆటోలో వస్తూ కట్టు ముడి తనే విప్పేసుకుంది. వాడిన మల్లెలు దారంతా రాలాయి. "ఇగ అయిపాయె పుష్పా. ఫికర్ చెయ్యకు," అన్నాడు నాగేందర్ ముందునుంచి, రోడ్డు చూస్తూ. అతను కళ్ళు తుడుచుకోవడం అద్దంలో కనపడింది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలన్నా ఆమెకు చేత కాలేదు.

బక్కమ్మ గడపలోనే నిలబడి ఉంది, పాపను భుజానేసుకుని. పుష్ప చేతులు చాచింది.

"గిప్పుడే ఎట్లిస్తవు? పన్ను పోయింది గని ఒంట్లున్నది పోవద్దా? అమాస దాటని."

"డాక్టరు ఇయ్యొచ్చన్నడత్తా."

"డాక్టరు పాలు పిండిండా ఎన్నడన్న?"

ఆ మాటకు నాగేందర్ నవ్వాడు. పుష్ప చేతులు దించుకుంది. తరవాత చాలాకాలం ఆమె తనను తాను తిట్టుకున్నది ఈ ఒక్క నిమిషానికే. చేతులు చాచినదాన్ని, చాచిన చేతులతోనే లాక్కోలేకపోయినందుకు.

అమాస రాకముందే పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఎండలు మండుతున్నాయి. సీసాలో పాలు పూటలోనే వాసన వస్తున్నాయి. పీకను బూడిదతో తోమి కడుగుతోంది బక్కమ్మ, గిన్నెలు కడిగినట్టే. మొదట వాము నీళ్ళు పట్టింది, దిష్టి తీసింది. తెల్లారేసరికి పాప కళ్ళు లోపలికి పోయాయి. ఏడ్చినా గొంతు రావడం లేదు. నాగేందర్ ఆటోను ఎట్లా తోలాడో అతనికే తెలియదు.

సర్కారు దవాఖాన పిల్లల వార్డులో అంత చిన్న చేతిలో సెలైను సూదికి నరం దొరకపుచ్చుకోవడానికి నర్సు చాలాసేపు వెతికింది. డాక్టరమ్మ పాప పొట్ట మీద చర్మం చిటికెతో లాగి వదిలి, మెల్లగా దిగడం చూసి, తల ఎత్తింది.

"ఏం పాలు పడుతున్నరు?"

"మేకపాలమ్మా," అంది బక్కమ్మ.

"తల్లికి పాలు లేవా?"

"ఉండె. నేనే ఆపిన. ఈమె పంట్ల పాదరసముండె."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. అవతలి మంచం దగ్గర ఎవరో కేక పెట్టారు. "ఇప్పటికి డబ్బాపాలు రాసిస్త, సీసాతోని కాదు, ఉడకబెట్టిన గిలాసతోని పట్టున్రి. నువ్వమ్మా, పైన పండ్ల డాక్టరు డానియల్ సారు ఉంటడు, పోయి చూపించుకో. పెద్దమ్మ ఇక్కడ ఉంటది," అని వెళ్ళిపోయింది.

పుష్ప ఒక్కతే మెట్లెక్కింది. డానియల్ సారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. టార్చి వేసి చూశాడు.

"కొత్తది. ఇక్కడ ముందుగాల ఏముండె?"

"వెండి సిమెంటు సారు."

"ఊడిందా? నొప్పి లేసిందా?"

"లేదు సారు. మంచిగనే ఉండె. పాపకు పాలియ్యాలని తీయించిన."

ఆయన టార్చి ఆర్పాడు. కుర్చీలో కూర్చున్నాడు. జరిగిందంతా ఆమె చెప్పేదాకా విన్నాడు. చెప్పడం అయ్యాక చేతి గ్లౌజులు విప్పి పక్కన పెట్టాడు.

"పాదరసం ఉంటదనేది నిజమేనమ్మా. వెండి, తగరం పొడితోని కలిస్తె గట్టిపడ్తది. నమిలినప్పుడు రవ్వంత ఆవిరి వస్తది, అది చానా తక్కువ. కడుపుతోని ఉన్నోళ్ళకు, పాలిచ్చేటోళ్ళకు, చిన్నపిల్లలకు కొత్తగ పెట్టొద్దని ఇప్పుడు చెప్తున్నరు, ముందుజాగ్రత్తకు. మేము గుడ పెడ్తలేము. అట్లని మంచిగున్నదాన్ని తీయమని ఎవలు చెప్పలే. తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ లేస్తది. పాలిచ్చే తల్లికైతె అస్సలు తీయం, ఆగమంటం."

"మరి పాలు సారు?"

"పాలకేమైంది? పాలు ఆపే పనే లేకుండె."

పుష్ప మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. కంప దగ్గర మన్ను కప్పిన పాలు ఒక గిన్నె కాదు, రెండు గిన్నెలు కాదు.

"మళ్ళ వస్తయా సారూ?"

"పిల్లను మాటిమాటికి పట్టించమ్మా. కొందరికి వస్తయి. వస్తయని నేను మాటియ్యలేను."

మెట్లు దిగుతుంటే ఒకటే తలపు. అత్త ముఖం మీద చెప్పాలి. వార్డు అందరి ముందరా చెప్పాలి. నా పాలు ఇసమంటివి గదా అని అరవాలి. తలుపు దగ్గరికొచ్చింది. బక్కమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. కొంగుతో పాపకు విసురుతోంది. పొద్దటినుంచి నీళ్ళు కూడా ముట్టలేదు. పెదవులు పగిలాయి. సంతను గడగడలాడించే బక్కమ్మ, నర్సు వచ్చినప్పుడల్లా గోడకు ఒదుగుతూ, చిన్నపిల్లలా భయపడుతోంది. తన రెండు చేతులనూ తానే చూసుకుంటోంది. పుష్పను చూడగానే లేచింది.

"ఏమన్నడు బిడ్డా? నా చేతులతోనే గిట్లాయెనా?"

పుష్ప ఆమె పగిలిన పెదవుల వైపు చూసింది.

"పన్ను తీయించి మంచి పని చేసిన్రన్నడు. ఇగ ఇయ్యొచ్చన్నడు. ఎండకు గిట్లయిందంట."

బక్కమ్మ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "నేనన్లే?" అంది. అని, అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రమే పుష్ప పాపను రొమ్ముకు పట్టింది. పాప వాసన చూసింది. నోరు పెట్టింది. రెండుసార్లు చప్పరించి, ఏమీ రాక, తల తిప్పేసింది. పుష్ప మళ్ళీ తిప్పింది. పాప ముఖమంతా ఎర్రబడి, కాళ్ళతో ఆమె పొట్టను తన్ని, గిలాస వైపు చూసి ఏడ్చింది.

పాప బతికింది. ఇంటికొచ్చారు. బక్కమ్మ ఇప్పుడు పాలు తెప్పించే పనిలో పడింది. కూరల్లో ఎల్లిగడ్డ కుమ్మరించింది, మునగాకు దంచింది, పొద్దుమాపు కాపడం పెట్టింది. పుష్ప అన్నీ తిన్నది, అన్నిటికీ ఒళ్ళు అప్పగించింది. మూలకు కూర్చుని పాపను పదేపదే పట్టుకుంది. ఒక్కోసారి చన్ను చివర ఒక తెల్లచుక్క కనపడేది. దాన్ని వేలితో పాప నాలుకకు రాసేది. పాప చప్పరించి, ఇంకా కావాలన్నట్టు చూసి, లేకపోతే తల తిప్పేసేది. పగలల్లా ఇదే పని.

పైగా వచ్చినవాళ్ళందరికీ బక్కమ్మ చెప్పేది వినాలి. "నా కోడలి పాలు ఇసమైపోయినయి. గా పన్ను తీయించకపోతె పిల్ల దక్కేది కాదు." కృష్ణమ్మకు కూడా చెప్పింది, చల్ల పోసి మరీ. పుష్ప బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. తాను ఆడిన అబద్ధమే, రోజూ తన ముందు కూర్చుని మాట్లాడుతోంది. ముసలిదాని నిద్ర కోసం ఆ మాత్రం మోయగలననుకుంది. కానీ "ఇసం" అన్న మాట పడ్డప్పుడల్లా చెయ్యి ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం అదే వాడలోని ఐలేశం కూతురు నాగరాణి వచ్చింది, కొడుకును చంకనేసుకుని. కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన పిల్ల. నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచి, చివరికి బక్కమ్మ ముందు నోరు తెరిచింది.

"పెద్దమ్మా, నాకు గుడ ఉందే గా వెండి పన్ను. జర చూడు."

బక్కమ్మ గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. "ఉంది. రెండున్నయి. ఎట్లున్నవే ఇన్నొద్దులు? ఇయ్యాల్టినుంచి పిల్లగానికి పాలు ఆపు. రేపు నాగేందర్ ఆటోల నల్లగొండ తీస్కపోతడు. పిల్లగాన్ని నా దగ్గరియ్యి."

నాగరాణి కొడుకును ఒకసారి గట్టిగా హత్తుకుని, బక్కమ్మకు అందించబోయింది. వాడు తల్లి జాకెట్టు గుప్పిట్లో పట్టుకుని వదలడం లేదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తోంది తల్లి.

"ఇయ్యకు," అంది పుష్ప.

ఇద్దరూ తిరిగి చూశారు. పుష్ప చాట పక్కన పెట్టి లేచింది.

"పాలు ఆపకు నాగరాణీ. పన్ను జోలికి పోకు. నొప్పి లేకుంటె, ఊడకుంటె, గట్లనే ఉండని. పిల్లగాడు పాలు ఇడిసినంక కావాలంటె డానియల్ సారుకు చూపించు."

"నీకేమాయెనే? మంచి పని చేసిన్రని సారు అన్లే?" బక్కమ్మ నొసలు ముడిచింది.

"అన్లేదత్తా."

పుష్ప గోడకు ఆనుకుంది. "తీయొద్దుండె అన్నడు. తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ లేస్తదన్నడు. పాలు ఆపే పనే లేకుండెనన్నడు. నువ్వు పిల్ల మంచం కాడ ఏమీ తినక కూసున్నవు. నాకు నోరు రాలే."

బక్కమ్మ చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి, అందుకోని పిల్లవాడి కోసం.

"మరి నీ పాలు..."

"మంచియే ఉండెనత్తా."

"నేను పిండి పారబోసినయి?"

"గవి గుడ."

నాగరాణి గోడ వైపు తిరిగి కూర్చుని కొడుక్కు పాలు పట్టింది. వాడి గుటకలు వినపడుతున్నాయి. ఆ చప్పుడుకో, ఆకలికో, తొట్టెలలో స్నిగ్ధ లేచి ఏడ్వడం మొదలుపెట్టింది. పుష్ప గిలాస కోసం కదిలింది. అంతలో బక్కమ్మ లేచింది. మోకాళ్ళ మీద చేతులూని, ఒక్క దినంలో పదేండ్లు మీద పడ్డట్టు లేచింది. తొట్టెలలోంచి మనుమరాలిని తీసింది. నేరుగా పోయి నాగరాణి ముందు కింద కూలబడింది. తల్లి లేని మేకపిల్లను ఇంకో మేక కింద వదిలేటప్పుడు ఆమె ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"బిడ్డా, జర నా పిల్లకు గుడ పట్టియ్యవా?"

నాగరాణి పుష్ప వైపు చూసింది. పుష్ప తలూపింది.

స్నిగ్ధ ముందు ఏడుస్తూ తల తిప్పింది. నాగరాణి చన్ను ఒత్తి, నాలుక మీద ధార పడేలా చేసింది. పాప ఏడుపు ఆపింది. నోరు పెట్టింది. చన్ను చిక్కింది. అంతే, ఇక వదలలేదు. కళ్ళు మూసుకుని, చిన్న చెయ్యి నాగరాణి మెడ మీద పరిచి, గుటగుటా తాగింది. తల్లి దగ్గర నిన్న కూడా తన్నిన కాళ్ళు మెత్తబడి ఒళ్ళో వాలిపోయాయి.

బక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కోడలి వైపు తల ఎత్తలేదు.

పుష్ప వచ్చి నాగరాణి పక్కన కూర్చుంది. తన జాకెట్టు పొడిగా ఉంది. ఏమీ చేపలేదు. చూడలేక లేచిపోదామనుకుంది గాని, బిడ్డ కడుపు నిండా తాగడం చూసి ఎన్నాళ్ళయిందో, లేవలేకపోయింది. పాప వీపు మీద చెయ్యి వేసింది. గుటక గుటకకూ ఆ వీపు కదులుతోంది. తాగి తాగి పాప చన్ను వదిలి, ఇంకా చాలలేదన్నట్టు నోటితో వెతికింది.

"రెండో దిక్కు గుడ ఇయ్యి చెల్లే," అంది పుష్ప. "ఇంకా ఆకలున్నట్టుంది."